గడప బయట హాజరు

నా చిన్నప్పుడు మా బడిలో, వెనక గోడ వారగా, జ్వరమొచ్చిన పిల్లలు పడుకోవడానికని రెండు గోనెపట్టాలు ఎప్పుడూ పరిచి ఉండేవి. జ్వరమొస్తే ఇంట్లో కదా పడుకోవాలి, బడిలో ఎందుకు పడుకుంటారని మీరడుగుతారు. అడగండి. ఆ ప్రశ్న అడగాలని ధర్మవరంలోని మా నేతపని వీధిలో ఒక్క పెద్దమనిషికీ తోచలేదు. నాకూ తోచలేదు గాని నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పెద్దవాళ్ళకు ఆ సాకు లేదు.

సంగతేమంటే, మా బడిలో ప్రతి తరగతి గుమ్మం పక్కనా ఒక చిన్న నల్లబోర్డు ఉండేది. ఆ రోజు ఎంతమంది రావాలో, ఎంతమంది వచ్చారో దాని మీద సుద్దతో రాసేవాళ్ళు. నెల పొడుగునా ఒక్కరు కూడా మానకుండా వచ్చిన తరగతికి, మరుసటి నెలంతా బడిగంట కొట్టే హక్కు దక్కేది. గంటంటే అదొక రైలుపట్టా ముక్క. జంక్షను ఊరు కదా, మాకు అన్నీ రైల్వే స్టేషను నుంచే వచ్చేవి. ఇనుపకడ్డీతో దాన్ని ఒక్క దెబ్బ వేస్తే మగ్గాల చప్పుడు దాటుకొని వీధి చివరిదాకా వినపడేది. తొమ్మిదేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద అధికారం ఈ లోకంలో ఇంకేముంటుంది? నేను దాని కోసం ఏమైనా చేసేదాన్ని. చేశాను కూడా.

హాజరుకు ఒక్కటే నియమం. పిలిచినప్పుడు "ప్రెజెంట్" అనాలి. అన్న తర్వాత కూర్చున్నావా, పడుకున్నావా, మూలుగుతున్నావా అనేది బోర్డుకు అక్కర్లేదు. అందుకని ఒళ్ళు కాలిపోతున్న పిల్లల్ని తండ్రులు భుజాన వేసుకొని తెచ్చేవాళ్ళు. పిల్ల "ప్రెజెంట్" అని గోనెపట్టా మీద వాలేది. తండ్రి మగ్గం దగ్గరికి పోయేవాడు. ఇంట్లో నులకమంచం వేయాలన్నా మగ్గానికీ గోడకూ మధ్య జాగా ఉండేది కాదు, కాబట్టి తల్లులకూ ఈ ఏర్పాటు బాగానే ఉండేది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఆ బోర్డు చూసి మెచ్చుకున్నాడట. అప్పట్నుంచి మా పెద్దసారుకు అది బోర్డు కాదు, దేవుడి పటం.

మా నాలుగో తరగతి టీచరమ్మది హిందూపురం. రోజూ పొద్దున ప్యాసింజరు ఎక్కి, పెనుకొండ మీదుగా వచ్చి, సాయంత్రం మళ్ళీ రైలెక్కి పోయేది. రైలు ఆలస్యమైతే మా చదువూ ఆలస్యమే. కన్నడం కలిసిన తెలుగు ఆమెది. భోజనాన్ని ఊట అంటే మేము పలకలు అడ్డం పెట్టుకొని నవ్వుకునేవాళ్ళం. ఆదివారం చర్చికి పోయే మనిషి, సన్నగా ఉండేది, గొంతు పెంచేది కాదు. మా తరగతిలో ఒకే పేరుతో నలుగురున్నారు కాబట్టి హాజరు నంబర్లతోనే పిలిచేది. నాది పద్దెనిమిది. నా పక్కన కూర్చునే పిల్లది పదిహేడు.

దాని పేరు ఇక్కడ రాయను. వాళ్ళమ్మ ఇంకా ఉంది. ఇలాంటివి చదివి వినిపించే మనవలు ఆ ఇంట్లో ఉన్నారు.

నేను క్లాసు లీడరును. ఇది పుట్టినప్పుడు తల కంటే ముందు నాలుకే బయటికొచ్చిందని మా అవ్వ నన్ను గురించి ఊరంతా చెప్పేది. ఆ నాలుకను చూసే నన్ను లీడరును చేశారు. ఎవరైనా రాకపోతే ఇంటికి పోయి తీసుకురావడం నా పని. తల్లి వద్దంటే వాదించాలి, పిల్ల ఏడిస్తే బెదిరించాలి. రెండూ నాకు బాగా వచ్చు.

దీపావళి దాటాక ఆ ఏడు ముసురు పట్టింది. ముసురుకు పట్టుపోగు మెత్తబడుతుందని ఇళ్ళల్లో కిటికీలు మూశారు. జల్లు కొడుతోందని బడిలోనూ మూశారు. ఒకే గదిలో ముప్ఫైనాలుగు మందిమి, ఒకే నీళ్ళ కుండ, దానికి గొలుసుతో కట్టిన ఒకే గ్లాసు. మొదట దగ్గులు మొదలయ్యాయి. తర్వాత ఒళ్ళునొప్పులు, జ్వరం. వీధిలో దాన్ని పడిశం జ్వరం అన్నారు. ఇప్పుడు ఫ్లూ అంటున్నారు. పేరు మారింది గాని పిల్లల గదుల్లో తిరగడం దానికి అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే. గోనెపట్టాలు రెండు చాలక నాలుగు అయ్యాయి. నాలుగింటి మీదా ఇద్దరిద్దరు పడుకునేవాళ్ళు. బోర్డు మీద మాత్రం ముప్ఫైనాలుగుకు ముప్ఫైనాలుగు.

నెల పూర్తి కావడానికి నాలుగు రోజులున్నాయనగా పదిహేడో నంబరు రాలేదు.

నేను గొడుగు కూడా లేకుండా పరుగెత్తాను. వాళ్ళ నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని నేస్తున్నాడు. వాళ్ళమ్మ గుమ్మం దగ్గర కూర్చొని కండెలకు పట్టుపోగు చుడుతోంది. పిల్ల లోపల మూలన దుప్పటి ముసుగేసుకొని ఉంది.

"ఏమే, దానికి ఒళ్ళు కాల్తాండాది, ఈ పొద్దుకు వదిలేయమ్మా" అంది వాళ్ళమ్మ.

"వచ్చి ప్రెజెంట్ అని పండుకుంటాది అత్తా. ఆడ గోనెపట్ట ఉండాది. నువ్వు పని చేసుకో" అన్నాను.

దుప్పటి లోంచి అది అంది, "నా చేత కాదు మే. నడిస్తే తల తిరుగుతాండాది."

"తిరగనీ. నేను పట్టుకుంటా. నువ్వొక్కదానివి రాకుంటే గంట అయిదో తరగతోళ్ళకు పోతాది. నీ వల్ల పోయిందని నేను అందరికీ చెప్తా, చూసుకో."

వాళ్ళమ్మ వాళ్ళ నాయన వైపు చూసింది. ఆయన మగ్గం ఆపకుండానే, "పోనీలేమ్మే, బడే కదా" అన్నాడు. అది లేచింది. వాళ్ళమ్మ తన పాత చీర మడిచి దాని తల మీద కప్పింది. నేను రెక్క పట్టుకొని నడిపించుకొచ్చాను. దారిలో రెండుసార్లు అరుగుల మీద కూర్చుంది. రెండుసార్లూ నేనే లేపాను. బడికొచ్చాక "ప్రెజెంట్ టీచర్" అంది. ఆ బొంగురు గొంతుకు తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత అది గోనెపట్టా మీద మధ్యాహ్నం దాకా పడుకుంది. నేను చేసింది అంతే. ఇందులో ఏమీ దాచలేదు, ఏమీ కలపలేదు.

సోమవారానికి మా తరగతిలో సగానికి పైగా జ్వరాలు. అయిదో తరగతిలోనూ అంతే. ఆ పొద్దున టీచరమ్మ తరగతి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి గోనెపట్టాల వైపు చూసింది. తర్వాత పెద్దసారు గదిలోకి పోయింది. నేను వరండాలో నిలబడి విన్నాను. చాటుగా వినడం తప్పని నాకెవరూ అప్పటికి చెప్పలేదు, చెప్పినా వినేదాన్ని.

"పిల్లల్ని ఇండ్లకు పంపిద్దాం సార్. జ్వరం పోయి ఒకట్రెండు దినాలు గడిచేదాకా ఎవరూ రావద్దని చెప్దాం."

"రికార్డు పాడవుతాది టీచర్. ఇన్నేండ్ల రికార్డు."

"రికార్డు పాడైతే మళ్ళీ రాసుకుందాం సార్."

అంతకు మించి వాళ్ళేమనుకున్నారో వినపడలేదు. ఆమె బయటికొచ్చి, జ్వరమున్న పిల్లల్ని ఇళ్ళకు పంపించింది. వాళ్ళలో సగంమంది తెల్లారి మళ్ళీ వచ్చేశారు. తల్లులే తెచ్చి దించారు. హాజరు పోతుందని ఒకామె, పిల్ల ఇంట్లో ఉంటే పని సాగదని ఒకామె, పక్కింటోళ్ళ పిల్ల వచ్చింది కదా మా పిల్లకేం తక్కువని ఇంకొకామె. రావద్దంటే వినరని టీచరమ్మకు అర్థమైంది. మా వాళ్ళను వద్దంటే వినేలా ఎవరు చేశారు గనక.

అప్పుడు ఆమె ఒక యుక్తి పన్నింది. అంత తెలివైన యుక్తి ఇన్నేళ్ళ నా టీచరు ఉద్యోగంలో నేను ఇంకొకటి చూడలేదు.

బడికి వచ్చినవాళ్ళందరికీ ఒక మాట చెప్పి పంపింది. రేపట్నుంచి జ్వరమున్న పిల్లలకు హాజరు బడిలో పిలవరు, ఇంటి దగ్గరే పిలుస్తారు. పిల్ల తన ఇంట్లో, తన దుప్పట్లో ఉండి "ప్రెజెంట్" అనాలి. బడికొచ్చి అంటే చెల్లదు. ఇది పెద్దసారు ఒప్పుకున్నాడో లేదో నాకు తెలీదు. ఒప్పుకోలేదనే అనుకుంటాను, ఎందుకంటే ఆ వారమంతా ఆయన ఆమె మొహం చూడలేదు. బడి మానమంటే ఒక్కరూ వినలేదు గాని, బడే ఇంటికొస్తుందనేసరికి వీధంతా విన్నది.

జ్వరం రానివాళ్ళను వరండాలో దూరం దూరంగా కూర్చోబెట్టి, లెక్కలిచ్చి, టీచరమ్మ హాజరు పట్టీ తీసుకొని బయల్దేరింది. నన్ను వెంట రమ్మంది. నాకు జ్వరం రాలేదు. గొలుసు గ్లాసుతో తాగినదాన్నే, పదిహేడు పక్కనే కూర్చున్నదాన్నే, నాకు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదని ఇప్పటికీ ఎవరినైనా వైద్యుల్ని అడుగుదామనిపిస్తుంది. అడగను.

ఆమె నాకు చెప్పింది ఒకటే. గడప దాటొద్దు, పిల్లల దగ్గరికి పోవద్దు, వాళ్ళిచ్చింది ఏదీ నోట్లో పెట్టుకోవద్దు. వీధిలో నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని ఆమె పిలిచేది. "మగ్గం కాసేపు ఆపప్పా, పిల్ల గొంతు వినపడాల" అనేది. మగ్గం ఆగేది. "ఆరు" అని పిలిచేది. లోపల్నుంచి "ప్రెజెంట్ టీచర్" అని వచ్చేది. ఆమె పట్టీలో రాసేది. రాస్తూనే అడిగేది. గంజి తాగినావా, ఒంటేలుకు పోయినావా, రొమ్ములో నొప్పి ఉండాదా, రాత్రి చలి పుట్టిందా. తల్లికి చెప్పేది. కిటికీ తీయి అక్కా, ఈ పిల్లకు గ్లాసు వేరే పెట్టు, కాచిన నీళ్ళియ్యి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టమను, ఆ గుడ్డను ఉడుకునీళ్ళలో వెయ్యి. తల్లులు ఆ మాటలు విననట్టే విని, ఆమె పోయాక కిటికీలు తీసేవాళ్ళు.

పిల్లలకు అది పండగలా ఉండింది. ఒకడు "ప్రెజెంట్ టీచర్, రెండుసార్లు కక్కినా" అని గర్వంగా చెప్పాడు. ఒక ఇంట్లో ముసలామె మనవడి బదులు తానే "ప్రెజెంటు, నిద్రపోతాండాడు" అంది. టీచరమ్మ నవ్వకుండా, "అవ్వా, నీకు నంబరు లేదు. వాణ్ణి లేపి చెప్పించు" అంది. మా ఇంటి ముందుకొచ్చేసరికి మా అవ్వ అరుగు మీద కాళ్ళు చాపుకొని, "ఏమమ్మా టీచరమ్మా, ఈ పొద్దు బడి వీధిలోకొచ్చింది, రేపు పొయ్యికాడికొస్తాదా?" అంది. "అన్నం పెడితే వస్తాది పెద్దమ్మా" అని ఆమె ముందుకు సాగింది.

ఆమె హాజరు పిలుస్తోందని అందరూ అనుకున్నారు. ఆమె గొంతులు వింటోంది. ఆ సంగతి నాకు పదిహేడు ఇంటి ముందు తెలిసింది.

మొదటి రోజు అది బాగానే పలికింది. రెండో రోజు ఆ ఇంటికి పోయేసరికి మగ్గం ఆడుతోంది. టీచరమ్మ ఆపమంది. ఆగింది. "పదిహేడు" అని పిలిచింది. కాసేపటికి "ప్రెజెంట్" అని వినపడింది. టీచరమ్మ పట్టీలో రాయలేదు. పెన్ను అలాగే పట్టుకొని, "ఇంకోసారి చెప్పు నాయనా" అంది. అది మళ్ళీ చెప్పబోయింది. "ప్రె" అని ఆగి, ఊపిరి తీసుకొని, "జెంట్" అంది. టీచరమ్మ పట్టీ నా చేతిలో పెట్టి, నాకు చెప్పిన నియమాలన్నీ మరిచి గడప దాటి లోపలికి పోయింది.

బయటికొచ్చాక వాళ్ళ నాయనతో, "ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకపోవాల. రొమ్ము ఎగేస్తాండాది" అంది.

"రేపు మగ్గం మీంచి చీర కోయాల టీచరమ్మా. పెండ్లోళ్ళ చీర. రేపు మధ్యాన్నానికి కోసేసి తీసుకపోతాం."

"చీర పారిపోదప్పా."

"మీకేం, చెప్తారు. ఇంగ ఒక్క జానెడు ఉండాది."

ఆమె వాదించలేదు. వాదించడం నాకొచ్చినట్టు ఆమెకు రాదు. నా వైపు తిరిగి, స్టేషను దగ్గరికి పోయి జట్కా తీసుకురమ్మంది. నేను పరుగెత్తాను. వారం కిందట ఆ పిల్లను తీసుకురావడానికి పరుగెత్తినంత వేగంగానే పరుగెత్తాను. జట్కాతో తిరిగి వచ్చేసరికి వాళ్ళమ్మ చీర మార్చుకొని పిల్లను ఒళ్ళో పెట్టుకొని గుమ్మంలో కూర్చుని ఉంది. వాళ్ళ నాయన మగ్గం గుంటలోంచి లేచి నిలబడి ఉన్నాడు. అనంతపురం దగ్గరే గాని వంక పొంగి బస్సులు ఆగిపోయాయి, ఆ వైపు రైలు సాయంత్రం దాకా లేదు. అందుకని మధ్యాహ్నం రైల్లో హిందూపురం తీసుకుపోయారు. టీచరమ్మ కూడా వెంట పోయింది. జట్కా కదిలేటప్పుడు పదిహేడు నన్ను చూసింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే నోరు నాది.

తెల్లారి టీచరమ్మ రైలు దిగి మామూలుగానే వచ్చింది. ఆసుపత్రిలో చేర్చుకున్నారని, సూదులు వేస్తున్నారని చెప్పింది. మళ్ళీ వీధి హాజరుకు బయల్దేరాం. పదిహేడు ఇంటికి తాళం. మగ్గం చప్పుడు లేదు. టీచరమ్మ అక్కడ కూడా నిలబడింది. "పదిహేడు" అని పిలిచింది. ఎదురింటి ముసలాయన, "తాళమేసిన ఇంటిని పిలుస్తాండావు, ఏమమ్మా నీకు" అన్నాడు. ఆమె, ఒక మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, పట్టీలో ఆ గడి ఖాళీగా వదిలేసింది. తర్వాత "పద్దెనిమిది" అని పిలిచింది. నేను ఆమె పక్కనే, మూరెడు దూరంలో నిలబడి "ప్రెజెంట్ టీచర్" అన్నాను. ఆ తర్వాతి రోజూ అంతే. తాళం, పిలుపు, ఖాళీ గడి, నా నంబరు.

పై సోమవారం రైలు ఆలస్యమైంది. పదకొండు దాటాక టీచరమ్మ వచ్చింది. చాలామందికి జ్వరాలు తగ్గి బడికొచ్చేశారు. వీధి హాజరు అక్కర్లేకపోయింది. ఆమె కుర్చీలో కూర్చోకుండా, నిలబడే పట్టీ తీసింది. ఒకటి దగ్గర్నుంచి పిలుచుకుంటూ వచ్చింది. పదిహేను. పదహారు. పద్దెనిమిది.

నేను పలకలేదు. ఆమె మళ్ళీ పిలవలేదు. తరగతిలో ఎవరికీ అర్థం కాలేదు, నాకు ఒక్కదానికే అర్థమైంది. ఆమె పంతొమ్మిది పిలిచి, ఇరవై పిలిచి, చివరిదాకా పిలిచి పట్టీ మూసింది.

నాకు ఏడుపు రాలేదు. దాని గురించి ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. వానపడ్డ సుద్దముక్కలా లోపలంతా మెత్తగా, రుచీ పచీ లేకుండా అయిపోయింది. మధ్యాహ్నం ఇంటికి పోయి అన్నం తిన్నాను. చింతకాయ తొక్కు వేసుకొని, మజ్జిగ పోసుకొని రెండోసారి కూడా పెట్టించుకున్నాను. మా అవ్వకు అప్పటికే కబురు తెలిసింది. నా నెత్తి నిమిరి, దాని రాత అంతేనంది. సాయంత్రం మా పెద్దసారు వరండాలో ఎవరితోనో, ఆ పిల్లకు పుట్టుకతోనే గుండె బలహీనమని చెబుతున్నాడు. ఆ పిల్ల కబడ్డీలో నన్ను మూడుసార్లు పడేసింది. దాని గుండె సంగతి నాకంటే ఆయనకెక్కువ తెలుసా?

టీచరమ్మ రైలుకు పోయే ముందు నన్ను పిలిచింది. ఎండిన వరండా మెట్టు మీద కూర్చుంది. నన్ను కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"నేను లాక్కొచ్చినందుకేనా టీచర్?" అని అడిగాను.

కాదు అంటుందనుకున్నాను. అందరూ అదే అంటారు, అదే సులువు. అంటే ఎలా కొట్టిపారేయాలో నేను లోపల సిద్ధం చేసుకొనే ఉన్నాను. రెండుసార్లు అరుగు మీద కూర్చుంటే రెండుసార్లు లేపానని, తల తిరుగుతోందని చెబితే తిరగనీ అన్నానని చెప్పడానికి నోరు తెరిచే ఉంచాను.

"తెలీదు" అంది ఆమె. "ఆ పొద్దు ఇంట్లోనే పండుకోనింటే బతికుండేదేమో. ఏమో. లేకుంటే అప్పుడూ పోయుండేదేమో. నాకు తెలీదు, నీకూ తెలీదు. తెలుసని ఎవరు చెప్పినా నమ్మొద్దు."

"అయినా లాక్కొచ్చింది నేనే కదా."

"అవును" అంది.

ఆ ఒక్క మాటకు నేను మెట్టు మీద కూర్చున్నాను.

ఆమె మెల్లగా చెప్పింది. ఆ బోర్డు మీద రోజూ అంకెలు రాసింది తాను. గోనెపట్టాలు పరిపించింది తాను. నన్ను లీడరును చేసి వీధుల్లోకి తోలింది తాను. గొంతు బొంగురుగా ఉంటే విని కూడా, ఆ పొద్దు "ప్రెజెంట్" అని రాసుకున్నది తాను. "నువ్వు చేసింది నీ వంతు, చిన్నది. నేను చేసింది నా వంతు, పెద్దది. నా వంతు నువ్వు మోయొద్దమ్మా. నీకు బరువైతాది." అంతే చెప్పింది. నా తల నిమరలేదు, నన్ను దగ్గరికి తీసుకోలేదు. ఆమెకూ అప్పుడు దగ్గు వస్తోంది. దూరంగానే కూర్చుంది. రైలుకూత వినపడ్డాక లేచి పోయింది.

ఇప్పుడు నేను పెనుకొండ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మొన్నటి చలికాలం మా బడిలోనూ ఫ్లూ తిరిగింది. ఇప్పటి తల్లిదండ్రులు భుజాన వేసుకొని తేవడం లేదు. అంతకంటే తెలివి మీరారు. పొద్దున ఎనిమిదింటికి జ్వరం మాత్ర మింగించి పంపిస్తారు. పిల్ల ఒళ్ళు పదకొండు దాకా చల్లగా ఉంటుంది. పదకొండున్నరకు నా తరగతిలో నిప్పులా కాలుతుంది. ఆలోపు పక్కనున్న నలుగురికీ పంచేసి ఉంటుంది. యూనిట్ టెస్టు పోతుంది మేడం అంటారు. పోనీయండి, టెస్టు నేను మళ్ళీ పెడతాను, పిల్లను మళ్ళీ తెచ్చిపెట్టలేను అంటాను. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరితో వాదిస్తాను. మీతో వాదించడం కంటే జ్వరం రావడమే నయం మేడం అని మా ప్రధానోపాధ్యాయుడు ఒకరోజు చేతులు జోడించాడు. కిటికీలు తీయించాను, ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకొమ్మన్నాను, జ్వరం పోయిన మరుసటి రోజు కూడా ఇంట్లోనే ఉండమన్నాను. సాయంత్రాలు ఫోన్లు చేసి రాని పిల్లల్ని పలకరిస్తాను. ఏం తిన్నావని అడుగుతాను. అడుగుతూ ఊపిరి వింటాను.

అన్నీ చేసినా ఏడో తరగతి పిల్ల ఒకతె ఇంటికి జ్వరం మోసుకుపోయింది. అది నాలుగు రోజుల్లో లేచి కూర్చుంది గాని, వాళ్ళ అవ్వను హిందూపురం ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద పెట్టారు. పిల్ల బడికొచ్చింది. ఎవరితోనూ మాట్లాడదు, అడిగితే తల ఊపుతుంది. ఆ చూపు నేను ఎరిగినదే. విరామంలో నా దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకొని అడిగింది.

"మా అవ్వకు నా నుంచే వచ్చిందా మేడం?"

పక్కనే ఉన్న తెలుగు పంతులమ్మ, "ఛ, అట్లా అనుకోకూడదు తల్లీ, గాలిలో వస్తాది అది" అంది. మంచి మనిషి ఆమె. ఆమెను ఆగమని సైగ చేశాను. పిల్లను వరండాలోకి తీసుకుపోయి నిలబెట్టి, "కావచ్చు" అన్నాను. దాని మొహంలో ఏమీ మారలేదు. కాని చేతులు ముందుకొచ్చాయి.

తర్వాత నా వంతు చెప్పాను. నువ్వు మూడు రోజులు దగ్గుతుంటే చూసి కూడా నాలుగో రోజు దాకా ఇంటికి పంపలేదు, అది నా వంతు అన్నాను. మాత్ర వేసి పంపిన మీ అమ్మది కొంత, పరీక్ష తేదీ మార్చని మా హెడ్‌మాస్టరుది కొంత అన్నాను. ఇవన్నీ ఒకదానిపై ఒకటి పెట్టి నీ నెత్తికెత్తుకోవద్దన్నాను. అది విన్నది. "మరి మా అవ్వ బతుకుతాదా?" అంది. "తెలీదు" అన్నాను. అది ఏడవలేదు. నేనూ ఏడవలేదు. నాకు ఈ విషయంలో ఏడుపు రావడం నలభై ఏళ్ళ కిందటే ఆగిపోయింది.

వాళ్ళ అవ్వ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. నేను చిన్ననాటి ఆ వరండా మెట్టు మీద నుంచి తెచ్చుకున్నది ఓదార్పు కాదు. నా వంతు, అంతే, నా వంతెంతో అంత. ఇన్నేళ్ళలో అది పెరగలేదు, అరగలేదు. దాన్ని ఎక్కడా దించలేదు, ఇంకొకరి నెత్తిన పెట్టలేదు. పిల్లల నెత్తినైతే అసలే పెట్టను.